చచ్చిన 6502 స్థానంలో కొత్త చిప్: ప్రాసెసర్ అడాప్టర్ బోర్డు గీయడం, కట్టడం, పరీక్షించడం

స్విచ్ వేయగానే బీబీసీ మైక్రో, అంటే 6502 ప్రాసెసర్‌తో నడిచే 1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్, రెండు విడతల్లో కూయాలి. ముందు బొంగురుగా ఒకటి, వెంటనే సన్నగా ఒకటి. ఆ మొదటి బొంగురు కూతే ఆగకుండా సాగుతూ ఉంటే ప్రాసెసర్ పనిలోకి దిగలేదని అర్థం. కరెంటు అందగానే సౌండ్ చిప్ తనంతట తానే మోగుతుంది. దాని నోరు మూయించాల్సింది రామ్‌లో కాదు, రోమ్‌లో ఉన్న ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాంను నడిపేవాడు లేనప్పుడు కూత ఎవరు ఆపుతారు?

1984లో మొదలైన క్లాస్ (బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే) పథకం కింద మన దేశపు బడులకు వచ్చిన కంప్యూటర్లు ఇవే. గోదావరి డెల్టాలో ఇప్పుడు అలాంటి యంత్రం ఏ బీరువాలోనో బయటపడితే లోపల రెండు రకాల జబ్బులు ఉంటాయి. ఒకటి వయసుతో వచ్చింది. రెండోది నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలి, ఏడాదిలో సగం రోజుల చిత్తడి తెచ్చిపెట్టింది. పోయిన 6502ఏ బదులు అదే పాతది వెతుక్కోవచ్చు, కానీ దొరికినది అసలుదో, పై అక్షరాలు చెరిపి కొత్తగా ముద్ర వేసినదో చెప్పలేం. వెస్టర్న్ డిజైన్ సెంటర్ వారి డబ్ల్యూ65సీ02ఎస్ మాత్రం నేటికీ కొత్తగా తయారవుతోంది, మౌసర్ లాంటి అధీకృత పంపిణీదారు దగ్గర దొరుకుతుంది. అదీ 40 పిన్ల చిప్పే, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. అందుకే చాలామంది తిన్నగా బేస్‌లో గుచ్చేసి చిప్ కాల్చుకుంటారు.

కడియం నర్సరీల్లో అంటు కట్టేవాళ్ళు కొమ్మ ఎంత పచ్చగా ఉందని కాక, రెండూ కలిసే కోత ఎలా ఉందని చూస్తారు. పాత బేస్‌కూ కొత్త చిప్‌కూ మధ్య పెట్టే చిన్న అడాప్టర్ బోర్డు కూడా అంతే. 40 పిన్లలో చాలావాటికి చేయాల్సింది తిన్నటి గీత ఒక్కటే. పని అంతా కలవని ఏడు పిన్ల దగ్గర, డేటా బస్ (చిప్ సమాచారం చదివే, రాసే ఎనిమిది తీగలు) ఓల్టేజి దగ్గర ఉంటుంది. ఈ మార్గదర్శి ఎక్కువ భాగం వాటి గురించే.

ముందు రోగం తేల్చండి

ప్రాసెసర్ పోయిందని నిర్ణయించే ముందు కవరు విప్పి పవర్ సప్లై చూడండి. పసుపుపచ్చగా, లోపల చుట్టలు కనిపించేలా ఉండే కాగితపు ఫిల్టర్ కెపాసిటర్లు మెయిన్స్ వైపు ఉంటాయి. వాటి పై కవచం చిట్లి, తేమ పీల్చుకుని, స్విచ్ వేసిన కాసేపటికి పొగ కక్కుతాయి. మన వాతావరణంలో వీటిని పరీక్షించాల్సిన పనే లేదు, కనిపించగానే మార్చేయండి. విలువ ఎంత ఉందో అంతే, రకం మాత్రం ఎక్స్2 ప్లాస్టిక్ ఫిల్మ్‌ది పెట్టండి. మెయిన్స్ వైపు కెపాసిటర్లు ప్లగ్ పీకేశాక కూడా చార్జ్ పట్టి ఉంచుతాయి, ముట్టుకునే ముందు మీటర్‌తో చూసుకోండి.

తరవాత ప్రాసెసర్ బేస్ దగ్గర కొలతలు. మల్టీమీటర్ నల్ల తీగ పిన్ 21 మీద పెట్టండి.

పిన్ 8 మీద 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. అంతకు తగ్గితే ముందు ఆ సంగతి తేల్చాలి. పిన్ 40, అంటే రీసెట్, స్విచ్ వేసిన క్షణం కిందికి (సున్నా వోల్టుల దగ్గర) ఉండి తరవాత పైకి (5 వోల్టుల వైపు) లేవాలి. కిందే ఉండిపోతే తప్పు రీసెట్ సర్క్యూట్‌ది, ప్రాసెసర్‌ది కాదు. పిన్ 37 మీద క్లాక్ రావాలి. బీబీసీలో ఇది 2 మెగాహెర్ట్జ్, నిదానపు పరికరాలతో మాట్లాడేటప్పుడు 1 మెగాహెర్ట్జ్ అవధికి సాగుతుంది. ఆసిల్లోస్కోప్ లేకపోతే చవక లాజిక్ ప్రోబ్ చాలు. పిన్ 2 (రెడీ) పైన ఉండాలి. పిన్ 4 (ఐఆర్‌క్యూ, అంతరాయం అడిగే తీగ) ఎప్పుడూ కిందే ఉండిపోకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి పిన్ 7 మీద సింక్ (కొత్త ఆదేశం చదివినప్పుడల్లా వచ్చే సంకేతం) కొట్టుకోకపోతే, పిన్ 39 మీద క్లాక్ బయటికి రాకపోతే, అప్పుడు ప్రాసెసర్‌ను అనుమానించండి.

దానికీ ముందు ఒక చిన్న పని ఉంది. పాత చిప్‌ను మెల్లగా పీకి, దాని కాళ్ళు చూడండి. నల్లబడి ఉంటే ఇంకురబ్బరుతో తుడిచి మళ్ళీ గుచ్చండి. బేస్‌లో పచ్చ చిలుము కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్. డెల్టాలో ‘చచ్చిపోయిన’ ప్రాసెసర్లలో కొన్ని ఇక్కడే లేచి కూర్చుంటాయి.

కలవని పిన్లు

పాత 6502 పటాన్ని, డబ్ల్యూ65సీ02ఎస్ పటాన్ని పక్కపక్కన ప్రింటు తీసి పెట్టుకోండి. ఇక్కడి నుంచి మదర్‌బోర్డు వైపు పిన్‌ను ‘కింది’, కొత్త చిప్ పిన్‌ను ‘పై’ అంటాం.

పిన్ 1: పాతదానిలో ఇది గ్రౌండ్. కొత్తదానిలో వెక్టర్ పుల్ అనే అవుట్‌పుట్, దాదాపు ఎప్పుడూ 5 వోల్టుల్లో ఉంటుంది. తిన్నగా గుచ్చితే ఆ అవుట్‌పుట్‌ను గ్రౌండ్‌కు కట్టేసినట్టే. చిప్ వేడెక్కుతుంది, కొన్నిసార్లు కాసేపు పనిచేసి మరీ పోతుంది. పై 1 దేనికీ కలపకండి. కింది 1ని బోర్డు గ్రౌండ్‌కు కలపండి, పిన్ 21తో పాటు ఇంకో గ్రౌండ్ దారి దొరికినట్టు.

పిన్ 2: పాతదానిలో రెడీ కేవలం ఇన్‌పుట్. కొత్తదానిలో వెయిట్ సూచన వచ్చినప్పుడు చిప్ తనే దాన్ని కిందికి లాగుతుంది. మదర్‌బోర్డు అదే తీగను గట్టిగా పైకి నెడుతూ ఉంటే రెండూ కొట్టుకుంటాయి. కింది 2కీ పై 2కీ మధ్య 1 కిలో ఓం, పై 2 నుంచి 5 వోల్టులకు 10 కిలో ఓం పెట్టండి. రెండోది ఇంకా చిన్నది పెడితే బలంగా ఉంటుందనుకుంటారు. 3.3 కిలో ఓం పెట్టి చూడండి: మదర్‌బోర్డు ఆ తీగను పూర్తిగా సున్నాకు లాగినా చిప్ దగ్గర 1.16 వోల్టులు మిగులుతాయి. కొత్త చిప్ ‘కింద’ అని ఒప్పుకునే హద్దు 1.5. మదర్‌బోర్డులోని గేటు కాస్త పైనే ఆగితే ఆ హద్దుకు అంటుకున్నట్టే.

పిన్ 3, 37, 39: క్లాకులు. వీటి సంగతి వేరే చూద్దాం.

పిన్ 5: పాతదానిలో ఖాళీ, కొత్తదానిలో మెమరీ లాక్ అవుట్‌పుట్. కలపకండి. ఖాళీ పిన్ కదా అని కొన్ని మదర్‌బోర్డుల్లో ఆ రంధ్రం గుండా వేరే ట్రాక్ నడిపి ఉంటారు.

పిన్ 36: పాతదానిలో ఖాళీ, కొత్తదానిలో బస్ ఎనేబుల్. ఇది తేలుతూ ఉంటే అడ్రస్ బస్ ఉన్నట్టుండి మాయమవుతుంది, గంట బాగా నడిచి ఫ్యాన్ గాలి తగలగానే ఆగిపోయే రకం తప్పులు వస్తాయి. పై 36 నుంచి 5 వోల్టులకు 10 కిలో ఓం. కింది 36కు కలపొద్దు.

పిన్ 38 (ఎస్‌ఓ, ఓవర్‌ఫ్లో గుర్తును పెట్టే ఇన్‌పుట్) విషయంలో మీటర్ బజర్ పెట్టి మీ మదర్‌బోర్డులో అది ఎక్కడికి పోతుందో చూడండి. ఎక్కడికీ పోకపోతే 10 కిలో ఓంతో పైకి లాగండి. ఎన్‌మాస్ పద్ధతిలో చేసిన పాత చిప్ వదిలేసిన ఇన్‌పుట్‌ను సహించేది, సీమాస్ పద్ధతిలో చేసిన కొత్తది సహించదు.

ఓల్టేజి: బయటికి కనిపించని అడ్డంకి

ఇప్పుడు చెప్పిన ఆ కలవని ఏడు పిన్లు మాత్రమే సరిచేసి బోర్డు కట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాటిలో కొన్ని పనిచేస్తాయి కూడా. ఒక యంత్రంలో పనిచేసి పక్కదానిలో చేయకపోవడానికి కారణం ఇది. పాత 6502 డేటా పిన్ మీద 2 వోల్టులు కనిపిస్తే ‘ఒకటి’ అని ఒప్పుకుంటుంది. డబ్ల్యూ65సీ02ఎస్‌కు సప్లైలో 0.7 వంతు కావాలి, అంటే 3.5 వోల్టులు. క్లాక్, రీసెట్ లాంటివాటికి 0.8 వంతు, 4 వోల్టులు. పాత రోమ్, పాత ఎల్ఎస్ రకం లాజిక్ చిప్ ఇచ్చే హామీ 2.4 నుంచి 2.7 మాత్రమే. మామూలుగా అంతకంటే ఎక్కువే ఇస్తాయి కాబట్టి చల్లని గదిలో నడుస్తుంది. మే నెల మధ్యాహ్నం తాటాకు పాకలో నడవదు.

మందు 74హెచ్‌సీటీ245, అంటే ఎనిమిది తీగలను రెండు దిశల్లోనూ దాటించే బఫర్ చిప్. హెచ్‌సీటీ అనే మూడక్షరాలు ముఖ్యం. అది 2 వోల్టులనే ‘ఒకటి’గా తీసుకుని అవతలికి నిండు 5 వోల్టులు ఇస్తుంది. కొట్లో హెచ్‌సీటీ లేదు హెచ్‌సీ ఉంది, రెండూ ఒకటేనండీ అంటారు. ఒకటి కాదు. హెచ్‌సీకి కూడా 3.5 వోల్టులే కావాలి, పెట్టినా పెట్టనట్టే.

కలపడం ఇలా. 245లో ఏ వైపు మదర్‌బోర్డు డేటాకు, బీ వైపు కొత్త చిప్ డేటాకు. పిన్ 1 (దిశ) రీడ్/రైట్ తీగకు, అంటే 6502 పిన్ 34కు. చదివేటప్పుడు ఆ తీగ పైన ఉంటుంది, డేటా ఏ నుంచి బీకి, బోర్డు నుంచి చిప్‌కు వెళుతుంది. ఇలా పెడితే ప్రత్యేకంగా ఇన్వర్టర్ అక్కర్లేదు. ఏ1కి డీ0 అనే క్రమం పాటించాల్సిన పని కూడా లేదు. ఏ3 ఎదురుగా బీ3 ఉంటే చాలు, ట్రాకులు దాటుకోకుండా ఉండే క్రమం మీరే ఎంచుకోండి.

దాన్ని ఎప్పుడు తెరవాలి అన్నది అసలు చిక్కు. పిన్ 19ని గ్రౌండ్‌కు కట్టి ఎప్పుడూ తెరిచి ఉంచితే, రాసే చక్రంలో క్లాక్ కింద ఉన్న సగంలో చిప్ ఇంకా డేటా పెట్టకముందే 245 చెత్తను బస్ మీదికి తోస్తుంది. ఆ సగంలో వీడియో విభాగం బస్ వాడుకునే యంత్రాల్లో తెర మీద చుక్కలు రాలతాయి. కాబట్టి క్లాక్ పైన ఉన్నప్పుడే తెరవాలి.

దీనికీ క్లాక్ సరిచేయడానికీ ఒకే 74హెచ్‌సీటీ04 (సిగ్నల్‌ను తలకిందులు చేసే ఆరు గేట్ల చిప్) సరిపోతుంది:

- కింది 37 → 04 పిన్ 1. పిన్ 2లో తలకిందులైన క్లాక్ వస్తుంది. దాన్ని 33 ఓం ద్వారా కింది 3కి ఇవ్వండి.
- 04 పిన్ 2 → పిన్ 3. పిన్ 4లో మళ్ళీ తిన్నటి క్లాక్, ఈసారి నిండు 5 వోల్టులతో. ఇది పై 37కు వెళ్ళాలి.
- 04 పిన్ 4 → పిన్ 5. పిన్ 6 → 245 పిన్ 19.
- 04 పిన్ 4 నుంచే 33 ఓం ద్వారా కింది 39కి. ఇక్కడ మూడు ప్యాడ్ల సోల్డర్ జంపర్ పెట్టండి. మధ్య ప్యాడ్ ఈ రెసిస్టర్ ద్వారా కింది 39కి, ఒక చివర 04 పిన్ 4కు, రెండో చివర పై 39కి.
- మిగిలిన ఇన్‌పుట్లు 9, 11, 13 గ్రౌండ్‌కు.

మొదటి గేటులోనే తలకిందులైన క్లాక్ ఉంది కదా, దాన్నే 245కు ఇచ్చి ఒక గేటు మిగుల్చుకోవచ్చనిపిస్తుంది. ఆ పొదుపు వద్దు. ఒక్కో గేటుకు సుమారు 10 నానోసెకన్లు పడుతుంది. మొదటి గేటు నుంచి తీస్తే చిప్‌కు క్లాక్ దిగిందని తెలిసేలోపే 245 తలుపు మూయడం మొదలుపెడుతుంది. క్లాక్ దిగాక కూడా 10 నానోసెకన్లు డేటా నిలబడి ఉండాలని చిప్ అడుగుతుంది. మూడో గేటు నుంచి తీస్తే, 245 మూసుకునే వ్యవధి కూడా కలిపి, 20 పైనే మిగులుతుంది.

245 వల్ల ఆలస్యం పెరగదా అనే ప్రశ్న సహజం. 2 మెగాహెర్ట్జ్ 6502ఏ డేటా 50 నానోసెకన్లు ముందే సిద్ధంగా ఉండాలని అడిగేది. కొత్త చిప్‌కు 10 చాలు. మిగిలిన 40లో 245 తినేది 20 చిల్లర. అడ్రస్ కూడా పాతదానికి దాదాపు 140 పడితే కొత్తది 30లోనే ఇస్తుంది. ఇబ్బంది ఇంకోవైపు ఉంది. క్లాక్ దిగాక పాత చిప్ అడ్రస్‌ను కనీసం 30 నానోసెకన్లు నిలిపేది, కొత్తది 10కే హామీ ఇస్తుంది. పైగా దీని అంచులు పదునుగా ఉంటాయి. పొడవాటి ట్రాకుల మీద సిగ్నల్ మోగుతుంది, అంటే పైకీ కిందికీ ఊగుతుంది. క్లాక్ తీగల్లో 33 ఓం పెట్టింది అందుకే.

బోర్డు గీయడం

40 పిన్ల బేస్ పొడవు వైపు పిన్‌కు పిన్‌కు 2.54 మిల్లీమీటర్లు, చివరి నుంచి చివరికి 48.26, రెండు వరసల మధ్య 15.24. కింది పిన్లు, పై బేస్ ఒకే రంధ్రాల్లో కూర్చోవు కదా. పై బేస్ మొత్తాన్ని 2.54 మిల్లీమీటర్లు కుడికి జరపండి. కింది వరసలు 0, 15.24 దగ్గర ఉంటే పై వరసలు 2.54, 17.78 దగ్గర పడతాయి. పటం దాదాపు ఒకటే కాబట్టి అడ్రస్ తీగలన్నీ 2.54 మిల్లీమీటర్ల అడ్డగీతలు. నిచ్చెన మెట్లు గీసినట్టు నిమిషంలో అయిపోతాయి.

డేటా పిన్లు 26 నుంచి 33 కుడి వరసలో ఉంటాయి. 245ను ఆ వరసకు కుడివైపు, బయట పెట్టండి. కింది డేటా ప్యాడ్ల నుంచి ట్రాకులు పై వరస ప్యాడ్ల సందుల్లోంచి దాటాలి. 1.6 మిల్లీమీటర్ల ప్యాడ్ పెడితే సందు 0.94 ఉంటుంది, 0.25 ట్రాక్ హాయిగా పోతుంది. 04ను రెండు వరసల మధ్య ఖాళీలో పెట్టవచ్చు. మొత్తం బోర్డు సుమారు 52 × 36 మిల్లీమీటర్లు వస్తుంది. పవర్ ట్రాక్ 0.8, మిగిలినవి 0.25. కింది పొర మొత్తం గ్రౌండ్‌తో నింపండి. ప్రతి చిప్ పవర్ పిన్ పక్కనే 0.1 మైక్రోఫారడ్ ఉండాలి. పక్కనే అంటే 5 మిల్లీమీటర్లలోపు.

గీయడం మొదలుపెట్టకముందే చేయాల్సిన పని ఒకటి ఉంది, గీశాక గుర్తొస్తే డబ్బు దండగ. బేస్, బోర్డు, మళ్ళీ బేస్, చిప్ అన్నీ కలిస్తే మదర్‌బోర్డు బేస్‌తో సహా 15 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. చపాతీ పిండి ముద్దను పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి పాత చిప్ మీద పెట్టి, యంత్రం మూత పూర్తిగా మూసి తీయండి. అణిగిన ముద్ద ఎత్తు కొలిస్తే ఎంత చోటుందో తెలుస్తుంది. కుడివైపు 245 వచ్చే చోట ఎత్తయిన కెపాసిటర్ ఏదైనా నిలబడి ఉందేమో కూడా అప్పుడే చూడండి. ఉంటే పై బేస్‌ను ఎడమకు జరిపి, డేటా ట్రాకులు కింది పొరలో నడపాలి.

బోర్డును ఇంట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌లో చెక్కవచ్చు, ప్రయోగానికి అది చాలు. యంత్రంలో శాశ్వతంగా పెట్టేది మాత్రం బయట చేయించండి. రెండు పొరలు, 1.6 మందం, బంగారు పూత. ఆర్డరు మామూలుగా 5 బోర్డుల నుంచి మొదలవుతుంది. పూత లేని రాగి కోనసీమలో ఒక్క వానాకాలం దాటితే చిలుము పడుతుంది.

సామాను

- డబ్ల్యూ65సీ02ఎస్6టీపీజీ-14: 1
- 40 పిన్ల రౌండ్ హోల్ బేస్, మధ్య ఖాళీగా ఉండే చట్రం రకం: 1
- 20 పిన్ల రౌండ్ పిన్ స్ట్రిప్: 2
- 74హెచ్‌సీటీ245, 74హెచ్‌సీటీ04, సర్ఫేస్ మౌంట్: ఒక్కోటి
- 0.1 మైక్రోఫారడ్ సిరామిక్: 3, 10 మైక్రోఫారడ్: 1
- రెసిస్టర్లు: 10 కిలో ఓం 3, 1 కిలో ఓం 1, 33 ఓం 2

స్ట్రిప్ విషయంలో రాజీ పడకండి. రాజమండ్రిలో అయినా కాకినాడలో అయినా స్ట్రిప్ అడిగితే ముందు చేతికొచ్చేది బెర్గ్ స్ట్రిప్. దాని పిన్ 0.64 మిల్లీమీటర్ల చతురస్రం. ఐసీ కాలు మందం 0.25 చుట్టూ ఉంటుంది. బెర్గ్ పిన్‌ను 40 ఏళ్ళ నాటి బేస్‌లో తోస్తే దాని స్ప్రింగులు తెరుచుకుపోతాయి, మళ్ళీ ఎన్నడూ మామూలు చిప్‌ను పట్టుకోవు. రౌండ్ పిన్ సన్నటి చివర 0.47 చుట్టూ ఉంటుంది, అది తట్టుకుంటుంది. బోర్డులో రంధ్రం కొలతను ఊహించకుండా, కొన్న స్ట్రిప్ పిన్‌ను వెర్నియర్‌తో కొలిచి 0.25 కలపండి.

టంకం వరస

ముందు 245, 04. తరవాత చిన్న కెపాసిటర్లు, రెసిస్టర్లు. ఆ తరవాత కింది స్ట్రిప్పులు, అన్నిటికంటే చివర పై బేస్. కింది కుడి వరస 15.24 దగ్గర ఉంది కాబట్టి పై బేస్ చట్రం లోపలికి పడుతుంది. బేస్ ముందే అతికిస్తే ఐరన్ మొన అక్కడికి వంకరగా వెళ్ళి ప్లాస్టిక్ కరిగిస్తుంది.

స్ట్రిప్పులు అతికించేటప్పుడు పనికిరాని ఒక 40 పిన్ల బేస్‌లో వాటిని గుచ్చి, పైన బోర్డు పెట్టి, నాలుగు మూలల పిన్లు ముందు అతికించండి. వాలు లేదని చూసుకుని మిగతావి. ఈ ఆసరా లేకుండా చేస్తే పిన్లు ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తాయి. మదర్‌బోర్డు బేస్‌ను ఆసరాగా మాత్రం వాడకండి. వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

ముసురు రోజుల్లో పని చేస్తే ఫ్లక్స్ మరక వదలకుండా కడగండి. ఆల్కహాల్‌తో రుద్ది, ఆరబెట్టి, అప్పుడు మీటర్. తడి ఫ్లక్స్ పక్క పిన్ల మధ్య కిలో ఓంలలో దారి వేస్తుంది, లేని షార్ట్‌ను వెతుక్కుంటూ సాయంత్రం గడిచిపోతుంది.

యంత్రంలో పెట్టకముందు: ఈఏ పరీక్ష

అడాప్టర్‌ను తిన్నగా కంప్యూటర్లో పెట్టి పరీక్షించడం కొత్త మందును ముసలాయన మీద ప్రయోగించడమే. డాట్ బోర్డు మీద ఒక బేస్, 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిల్లేటర్ డబ్బా, 5 వోల్టుల చార్జర్ ఉంటే పరీక్ష పీఠం తయారు.

ముందు కరెంటు లేకుండా బజర్. 8కీ 21కీ మధ్య మోగకూడదు. కింది 1, 21 మధ్య మోగాలి. పై 1 ఎవరితోనూ మోగకూడదు. కింది పక్కపక్క పిన్లు ఒక్కో జత చూడండి.

తరవాత కింది డేటా పిన్లలో డీ7, డీ6, డీ5, డీ3, డీ1 ఐదింటిని ఒక్కో 1 కిలో ఓం ద్వారా 5 వోల్టులకు, డీ4, డీ2, డీ0లను 1 కిలో ఓం ద్వారా గ్రౌండ్‌కు కట్టండి. హెక్స్‌లో అది ఈఏ, 6502 భాషలో ‘ఏమీ చేయకు’. ఐఆర్‌క్యూ, ఎన్‌ఎంఐ, రెడీ మూడింటినీ 10 కిలో ఓంతో పైకి లాగండి. రీసెట్‌ను 10 కిలో ఓంతో పైకి లాగి, ఒక బటన్‌తో గ్రౌండ్‌కు. ఎక్కడ చదివినా ఏమీ చేయకు అనే వినిపిస్తుంది కాబట్టి చిప్ అడ్రస్ ఒకటొకటి పెంచుకుంటూ 65,536 గడులూ తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక్కో గడికి 2 చక్రాలు. 1 మెగాహెర్ట్జ్ దగ్గర పూర్తి ప్రదక్షిణకు 131 మిల్లీసెకన్లు. పిన్ 25 (ఏ15) నుంచి గ్రౌండ్‌కు 2.2 కిలో ఓం, ఒక ఎల్ఈడీ పెడితే సెకనుకు 7, 8 సార్లు మినుకుతుంది. కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఏ14 దాని రెట్టింపు, ఏ13 దానికీ రెట్టింపు.

ఎల్ఈడీ వెలగకపోతే, వెలిగి అలాగే ఉండిపోతే, క్లాక్ చూడండి. లయ లేకుండా మినుకుతుంటే డేటా తీగల్లో ఒకటి తెగింది. ఈ పరీక్షలో డేటా 245 గుండానే వస్తుంది కాబట్టి దాని చదివే దిశ కూడా తేలిపోతుంది. రాసే దిశ మాత్రం ఇక్కడ తేలదు, అది యంత్రంలోనే.

వేలితో చిప్ ముట్టుకోండి. పాత 6502 వెచ్చగా ఉండేది, కొత్తది చల్లగా ఉండాలి. వెచ్చబడితే వెంటనే తీసి పిన్ 1 చూడండి.

యంత్రంలో

చిప్ గంటు ఏ వైపు ఉందో బోర్డు మీద పెన్నుతో గీత పెట్టి గుచ్చండి. జంపర్ ముందు 04 వైపు. స్విచ్ వేస్తే రెండు కూతలు, తెర మీద బేసిక్ ప్రాంప్ట్. వచ్చాక ఒక చిన్న నిర్ధారణ: హెక్స్ 2000 చిరునామా నుంచి ఏ9, 00, 1ఏ, 60 అనే నాలుగు బైట్లు పెట్టి, యంత్రభాష ప్రోగ్రాంను నడిపే యూఎస్ఆర్ ఫంక్షన్‌తో పిలిచి, వచ్చిన సంఖ్య చివరి బైట్ చూడండి. పాత చిప్ 1ఏ అంటే ఏమీ చేయదు, 0 వస్తుంది. కొత్తది దానికి ఒకటి కలుపుతుంది, 1 వస్తుంది. ఈ నాలుగు బైట్లు రాయగలిగారంటే 245 రాసే దిశ కూడా సవ్యమే. పంపిణీదారు కాని చోట కొన్న పాత 65సీ02ను తనిఖీ చేయడానికీ ఇదే ఉపాయం.

ఆగని కూత ఇంకా ఉంటే జంపర్ రెండో వైపు మార్చి చూడండి. తెర వచ్చి చెత్త అక్షరాలు పడితే 245 టంకం మళ్ళీ చూడండి. పది నిమిషాలకు ఆగిపోతుంటే ముందుగా కొత్త బోర్డును తిట్టకండి. ఆగిన క్షణంలో పిన్ 8 ఓల్టేజి కొలవండి. చెరువుల్లో ఏరేటర్లు నడిచే ఊళ్ళలో సాయంత్రం లైను కుంగితే పాత సప్లై 4.6కు జారడం మామూలే.

బేసిక్ అంతా బాగుండి ఒకటి రెండు ఆటలు మాత్రమే చచ్చిపోతుంటే ఏ టంకమూ దాన్ని బాగుచేయలేదు. ఆ ఆట రాసినవాళ్ళు 6502 పుస్తకంలో లేని సంకేతాలు వాడారు. పాత చిప్‌లో ఏ7 అంటే మెమరీ నుంచి ఏ, ఎక్స్ రెండింటినీ నింపడం. కొత్తదానిలో అదే ఏ7 జీరో పేజీ (మెమరీలో మొదటి 256 గడులు) లోని ఒక బిట్‌ను పైకెత్తుతుంది. తప్పు సంఖ్య ఎక్కడో పడుతుంది, ఆట ఇంకెక్కడో కూలుతుంది. డీబీ మరీ ఘోరం. పాతదానిలో అది ఒక తీసివేత, పోలిక. కొత్తదానిలో ‘ఆగిపో’. మళ్ళీ రీసెట్ నొక్కేదాకా కదలదు.

వేరే యంత్రాలకు

కమొడోర్ 64కు ఈ పద్ధతి సిఫారసు చేయలేం. అందులోని 6510 పిన్ పటమే వేరు, క్లాక్ పిన్ 1 మీద ఉంటుంది. పైగా చిప్ లోపలే 6 బిట్ల పోర్టు ఉంది, 0, 1 చిరునామాల దగ్గర. రోమ్‌లు మార్చడం, టేప్ మోటారు నడపడం దాని పని. ఆ పోర్టును ఏటీఎఫ్1504 లాంటి 5 వోల్టుల సీపీఎల్డీలో (లోపలి లాజిక్‌ను మనమే రాసుకోగల చిప్‌లో) కట్టవచ్చు. వీడియో చిప్ బస్ కోసం ఏఈసీ పిన్ ద్వారా అడిగినప్పుడు బస్ వదిలేయడానికి బస్ ఎనేబుల్ పిన్ పనికొస్తుంది. అంతా చేశాక కూడా ఆటలు తేడా చేస్తాయి. 6510 మెమరీ బైట్‌ను పెంచేటప్పుడు పాత విలువ ఒకసారి, కొత్త విలువ ఒకసారి, రెండుసార్లు రాస్తుంది. వీడియో చిప్ అంతరాయాన్ని తుడవడానికి ఆ మొదటి రాతనే నమ్ముకున్న ప్రోగ్రాములు ఉన్నాయి. 65సీ02 అక్కడ రెండుసార్లు చదువుతుంది, ఒక్కసారే రాస్తుంది. పాత 6510 గానీ 8500 గానీ వెతుక్కోవడమే మేలు. అడాప్టర్‌ను మదర్‌బోర్డు పరీక్షకు ఉంచుకోండి.

సింక్లెయిర్ స్పెక్ట్రమ్ కంప్యూటర్, దాని పుణె రూపమైన డెసిబెల్స్ డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ సంగతి ఇంత కష్టం కాదు. వాటి ప్రాసెసర్ జెడ్80కు సీమాస్ రకం ఉంది, దాని పిన్ పటం అదే. 2024 ఏప్రిల్‌లో జైలాగ్ దాని తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది కాబట్టి 40 పిన్లది దొరక్క 44 పిన్ల చదరపు రకం దొరికితే, వట్టి తీగల అడాప్టర్ చాలు. గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటి ఉంది: పోర్టుకు సున్నా పంపే పుస్తకంలో లేని ఈడీ 71 సంకేతానికి పాత చిప్ 0 పంపుతుంది, సీమాస్ 255 పంపుతుంది.

తరవాతి అటారీ 8 బిట్ యంత్రాల్లో ఉండే 6502సీని పేరు చూసి మామూలు 6502 అనుకోకండి. అందులో పిన్ 35 హాల్ట్, రీడ్/రైట్ 34 మీద కాక 36 మీద ఉంటుంది. పైన చెప్పిన బోర్డును అలాగే అందులో పెడితే మదర్‌బోర్డుకు రీడ్/రైట్ అందనే అందదు. కింది 36ను పై 34కు మళ్ళించాలి. కింది 34ను వదిలేయాలి. హాల్ట్ పిన్‌కు క్లాక్‌తో లయ కలిపే ఒక ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టి, దాని ద్వారా రెడీని, బస్ ఎనేబుల్‌ను, 245 పిన్ 19ని మూడింటినీ ఒకేసారి నడపాలి. మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా వీడియో చిప్ మెమరీ చదివే సమయంలో ప్రాసెసర్ కూడా బస్ మీదే ఉంటుంది.